పర్లాకిమిడిలో బియాట్రిక్స్ చుక్కలు

మా పర్లాకిమిడిలో డచ్ స్టాంపుల పిచ్చి ఉన్నది నాకొక్కడికే అనుకుంటా. 1981లో డచ్ కళాకారుడు పీటర్ స్ట్రైకెన్ కంప్యూటర్ సాయంతో చేసిన స్టాంపులో నెదర్లాండ్స్ రాణి బియాట్రిక్స్ బొమ్మంతా చుక్కలే. అందులో పొరపాటున అదనంగా పడిన చుక్కను వెతకడం కళ్లకు శిక్ష! అదే చుక్క అదే చోట ఇంకో షీటులోనూ కనిపిస్తేనే ప్లేటు లోపం, అంటే అచ్చు వేసే పలకలోనే ఉన్న తప్పు. ఒక్కదాని మీదే ఉంటే ఇంకు మరక, అంతే.

బరంపురం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "బాబూ, నా డచ్ స్టాంపుకు ఒక పక్క అంచున పళ్లే లేవు. తప్పుగా అచ్చయిన ఎర్రర్ స్టాంపే కదా, మంచి రేటు వస్తుందా?" అది డచ్ డిజైనర్ విమ్ క్రౌవెల్ 1976లో గీసిన అంకెల స్టాంపు. "చిన్న పుస్తకంలా అమ్మే బుక్‌లెట్‌లోదండీ, అంచు అలాగే వస్తుంది, లోపం కాదు" అన్నాను. ఆయన మొహం చూడలేదు గానీ, ఫోన్ టక్కున పెట్టేశారు. చుట్టగా వచ్చే రోల్ స్టాంపుల్లో కొన్నిటి వెనక నంబరుంటుందని, అదీ లోపం కాదని చెప్పే ఛాన్సే ఇవ్వలేదు.