రెండువందల నలభై చిన్న బర్గర్లు

ఫిబ్రవరి రెండో ఆదివారం సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. ఆట మొదలయ్యేది సాయంత్రం ఆరున్నరకి. ఒహైయో రాష్ట్రం కొలంబస్‌లో నేను పనిచేసే వృద్ధాశ్రమం వంటింట్లో మాత్రం మాకు పొద్దున పదింటికే మొదలు. అక్కడ ఉండే పెద్దవాళ్లు, వాళ్లతో కలిసి ఆట చూడటానికి వచ్చే పిల్లలు, మనవలు, డ్యూటీలో ఉన్న నర్సులు, అందరూ కలిపి నూట ఇరవై మంది. మనిషికి రెండు చొప్పున 240 స్లైడర్లు ఆరింటికల్లా వేడివేడిగా హాల్లో ఉండాలి.

మేం 2012లో మావారి ఉద్యోగం మీద వచ్చాం. అలా ఉద్యోగం మీద వచ్చినవాళ్ల భార్యాభర్తలకి ఇచ్చే హెచ్4 వీసా మీద ఉన్నవాళ్లలో కొందరికి పని చేసుకోవచ్చన్న అనుమతి 2015లో వచ్చింది. నా చేతికి కార్డు అందేసరికి 2016. ఏలూరులో బీకాం చదివి, ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాసినదాన్ని. ఇక్కడ ముందుగా దొరికిన పని ఇది. ఇంటర్వ్యూలో ఒకటే ముఖ్యమైన ప్రశ్న వేశారు: "బీఫ్, పోర్క్ ముట్టుకోవడానికి అభ్యంతరం ఉందా?" లేదన్నాను. ముందు రోజు రాత్రంతా ఆలోచించుకునే వచ్చాను. తినను, వండుతాను. అంతవరకే అని గీత గీసుకున్నాను. అమ్మకి మాత్రం చెప్పలేదు.

స్లైడర్ అంటే అరచేతిలో ఇమిడిపోయే చిన్న బర్గర్. పదిమందికైతే ఒక్కొక్కటీ పెనం మీద కాల్చుకోవచ్చు. వందమందికి ఆ పద్ధతి పనికిరాదు. పన్నెండేసి తీపి బన్నులు ఒకదానికొకటి అతుక్కుని పలకలా వస్తాయి. వాటిని విడదీయకుండా, పొడుగాటి రంపపు కత్తితో అడ్డంగా ఒకేసారి కోస్తాం. పైపలక, కిందపలక వేరవుతాయి. మధ్యలో చీజ్, మాంసం, మళ్లీ చీజ్ పరిచి, పైపలక మూసి ఓవెన్‌లో పెడతాం. ఇరవై పలకలు, ట్రేకి రెండు, మొత్తం పది ట్రేలు.

ఆ తీపి బన్నుల కథ తెలిశాక నాకు వాటి మీద ఇష్టం పెరిగింది. చెరకు తోటల్లో పనికి హవాయి వచ్చిన పోర్చుగీసు కూలీలు తమ తీపి రొట్టెను వెంట తెచ్చుకున్నారు. హిలో ఊళ్లో జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ల కొడుకు రాబర్ట్ తైరా 1950లో బేకరీ పెట్టి, ఆ రొట్టెనే తన పద్ధతిలో చేసి అమ్మాడు. ఇప్పుడది అమెరికాలో ప్రతి సూపర్ మార్కెట్లో ఉంటుంది. ఒకరి ఊరి రొట్టె, ఇంకొకరి చేతి పనితనం, ఒహైయోలో నా కత్తి కింద.

మాంసం పది పౌండ్ల గొట్టాల్లా వస్తుంది. వాటిని చబ్ అంటారు. మూడు చబ్‌లు, అంటే పదమూడున్నర కిలోల పైనే. బీఫ్ తిననివాళ్ల కోసం మూడు పౌండ్ల టర్కీ కోడి ఖీమా వేరే పాత్రలో, వేరే గరిటెతో. వంటింట్లో టిల్ట్ స్కిల్లెట్ అని ఒకటుంది. స్నానాల తొట్టంత పెనం, చక్రం తిప్పితే ముందుకి వంగుతుంది. మొదటిసారి దాని ముందు నిలబడినప్పుడు మా ఊళ్లో పెళ్లిళ్లకి తవ్వే గాడిపొయ్యి, దాని మీద ఎక్కించే గుండిగలు గుర్తొచ్చాయి. ఇంత పెద్ద వంట చూసి భయపడక్కర్లేదనిపించింది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే.

ఖీమాని పొడిపొడిగా వేయించి, 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూస్తాను. టర్కీకైతే 165. పెద్ద వయసు ఒంటికి చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ఇక్కడ చూపు మీద, వాసన మీద నమ్మకం పెట్టుకోను. కొవ్వంతా చిల్లుల గిన్నెలో ఓడ్చి, అందులోంచి కొంచెం తీసి సన్నగా తరిగిన ఉల్లిపాయల్ని మగ్గబెడతాను.

ఉల్లిపాయల దగ్గర ఒక పెద్దాయన సంగతి చెప్పాలి. వైట్ కాజిల్ అనే చిన్న బర్గర్ల కంపెనీ 1921లో కాన్సస్ రాష్ట్రం విచిటాలో మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం మా కొలంబస్‌లోనే. ఐదు సెంట్లకి ఒక బర్గర్ అమ్మేవారట. ఉల్లిపాయ ముక్కల ఆవిరి మీదే మాంసం ఉడికేది. ఆ పెద్దాయన చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లి తిన్నాడు. మొదటి ఏడాది నా స్లైడర్ కొరికి, "బాగుంది. ఉల్లిపాయ వాసనే లేదు" అన్నాడు. తర్వాతి ఏడు నుంచి ఉల్లిపాయలు రెట్టింపు చేశాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచే వీల్‌చైర్ తెచ్చుకుని వంటింటి తలుపు దగ్గర కూర్చుంటాడు. ఏమీ మాట్లాడడు. వాసన కోసం వస్తాడు.

మొదటి ఏడాది ఇంకో తప్పు కూడా జరిగింది. టైముకి అందుకోలేనన్న టెన్షన్‌లో నాలుగింటికే అన్నీ బేక్ చేసి, ఫాయిల్ కప్పి వార్మర్‌లో పెట్టేశాను. రెండు గంటల్లో ఆవిరంతా బన్నుల్లోకి దిగింది. అడుగు పలకలు నానబెట్టిన అటుకుల్లా అయ్యాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ప్లేట్లు తీస్తుంటే ప్రతిదాంట్లోనూ ఆ తడి అడుగులు మిగిలి ఉన్నాయి. ఇంటికెళ్లి ఏడ్చాను. ఇప్పుడు అడుగు పలకని ముందే నాలుగు నిమిషాలు ఓవెన్‌లో ఆరబెడతాను. దాని మీద మొదట పరిచేది చీజ్. కరిగి పొరలా పట్టుకుంటుంది, మాంసం తడిని కిందికి దిగనివ్వదు. పైన వెన్న, ఆవపిండి పేస్టు, కొద్దిగా వూస్టర్ సాస్ కలిపి పూసి నువ్వులు చల్లి, 325 డిగ్రీల్లో ఫాయిల్ కప్పి పన్నెండు నిమిషాలు, తీసేసి ఐదు నిమిషాలు. ఐదుంపావు దాటే వరకు ఓవెన్ జోలికి వెళ్లను.

ఇదంతా నేర్చుకోవచ్చు. నాకు కష్టమైంది ఉప్పు.

నేను రుచి చూడలేను. పౌండుకి ముప్పావు టీస్పూను, ముప్పై పౌండ్లకి అరకప్పుకి కాస్త తక్కువ అని కాగితం మీద రాసుకున్నాను. కానీ ఉప్పు కాగితం మాట ఎప్పుడు విన్నది? చీజ్‌లో ఉప్పుంది, ఊరబెట్టిన దోసకాయలో ఉంది, సాస్‌లో ఉంది. మా హెడ్ కుక్ నల్లజాతి పెద్దావిడ, నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉంది. నా ఇబ్బంది ఆమెకి నేను చెప్పకముందే తెలిసింది. చెంచా తీసుకుని వచ్చి, ఒక ముద్ద నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇంకో చిటికెడు, హనీ" అంది. ఎందుకు తినవని ఒక్కసారి కూడా అడగలేదు. అప్పట్నుంచీ ఏ బీఫ్ వంటకైనా నా నాలుక ఆమే.

ఒకరోజు ఆమె అడిగింది, "రుచి చూడకుండా ఇంత దగ్గరగా ఎలా వస్తావు నువ్వు?" అని. అప్పుడు తట్టింది. మా అమ్మ శ్రీరామనవమికి పులిహోర, వరలక్ష్మీ వ్రతానికి పరమాన్నం, పూర్ణాలు అన్నీ రుచి చూడకుండానే చేస్తుంది. దేవుడికి పెట్టకముందు నాలుక మీద పెట్టకూడదు. వాసన, రంగు, చేతి కొలత, అంతే. ఈ పోలిక మనవాళ్లలో కొందరికి నచ్చకపోవచ్చు. నా మనసులో మాత్రం ఆ రెండు వంటలకీ ఒకటే శ్రద్ధ. తినేవాళ్లు ముఖ్యం, నేను కాదు.

మింగలేనివాళ్లు పదకొండుమంది ఉన్నారు మాకు. పక్షవాతం వచ్చినవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు. వాళ్ల కోసం మాంసం, చీజ్ గ్రేవీతో కలిపి మెత్తగా రుబ్బుతాను. బన్ను పాలలో నాని మరో ముద్ద అవుతుంది. రెండింటినీ కలిపేసి గిన్నెలో పోసి ఇవ్వడం తేలిక. నేను అలా చెయ్యను. చిన్న గుండ్రటి అచ్చులో కింద బన్ను, మధ్యలో మాంసం, పైన బన్ను పొరలుగా పెట్టి, బర్గర్ ఆకారంలో బోర్లిస్తాను. పక్క టేబుల్ వాళ్ల ప్లేట్లో ఉన్నదే తమ ప్లేట్లోనూ కనిపించాలి. దీనికి అదనంగా నలభై నిమిషాలు పడుతుంది. పడనీ.

ఈ ఏడాది ఆరుంపావుకల్లా పది ట్రేలలో ఏడు ఖాళీ. చివరికి రెండే రెండు స్లైడర్లు మిగిలాయి, అవీ టర్కీవి. అంట్లు కడిగించి, ఫ్రిజ్ టెంపరేచర్ రాసి, తొమ్మిదిన్నరకి కారు దగ్గరికి వచ్చాను. అద్దం మీద మంచు గీకుతుంటే ఫోన్ మోగింది. ఏలూరులో సోమవారం పొద్దున ఎనిమిది.

"ఇంకా ఇంటికి వెళ్లలేదా? ఏం వండావే ఇవాళ?"

ఇన్నేళ్లూ "ఏదో ఇంగ్లీషు వంటలే అమ్మా" అని దాటేస్తూ వచ్చాను. ఆ రాత్రి దాటెయ్యాలనిపించలేదు. చిన్న బన్నులు, 240, లోపల గొడ్డుమాంసం అని చెప్పేశాను. నేను తినను, అది మాత్రం నిజం అని కూడా చెప్పాను.

కాసేపు ఏమీ వినిపించలేదు. వెనక కుక్కర్ కూత వేసింది.

"మరి ఉప్పు ఎవరు చూశారే?" అంది అమ్మ.