ధనుర్మాసపు గాలిలో 200 కిలోమీటర్లు

గోదావరి డెల్టాలో దూరం సైకిల్ తొక్కుతామని చెప్పగానే విశాఖ, హైదరాబాదు మిత్రులు తప్పకుండా అనే మాట ఒకటుంది: "మీకేమండీ, ఒక్క ఎత్తు కూడా ఉండదు కదా!" రాజమహేంద్రవరంలో బయలుదేరి జొన్నాడ, రావులపాలెం, అమలాపురం, యానాం, కాకినాడ చుట్టి, రామచంద్రపురం, మండపేట మీదుగా మళ్ళీ రాజమహేంద్రవరం చేరే 200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాన్ని, మొన్నటి ధనుర్మాసంలో పూర్తి చేశాక, దీనికంటే అరకు ఘాట్ రోడ్డే నయమన్న నా పాత అభిప్రాయం మరింత గట్టిపడింది. ఘాట్ రోడ్డులో ఎక్కిన ప్రతి ఎత్తుకూ ఒక దిగుడు ఉంటుంది, కాళ్ళకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఎదురుగాలి మాత్రం తీసుకున్నది తిరిగి ఇవ్వదు.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. బ్రెవే పోటీ కాదు. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే ఫ్రెంచి సంఘం నియమాల ప్రకారం ఇవి ప్రపంచమంతటా జరుగుతాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఆ గడువులోగా వచ్చిన మొదటివాడికీ చివరివాడికీ గుర్తింపు ఒక్కటే. పంక్చరు పడినా, ఆకలేసినా, దారి తప్పినా ఎవరి పాట్లు వారివే. మధ్యలో కంట్రోల్ అనే చోట్ల ఆగి, చేతిలోని కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. నాలుగేళ్ళకొకసారి జరిగే 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు వెళ్ళాలనుకునేవారు ఈ నాలుగు దూరాలూ పూర్తి చేయాలి గనుక, చాలామంది మా 200తోనే మొదలుపెడతారు.

బయలుదేరే ముందురోజు బంగాళాఖాతంలో తమిళనాడు తీరానికి దగ్గరగా అల్పపీడనం ఉంది. అది మనకు వాన తేకపోవచ్చుగాని, దక్షిణాన పీడనం తగ్గినప్పుడు ఉత్తరాన బరువుగా ఉన్న చల్లగాలి అటువైపు జారుతుంది కాబట్టి, మన తీరం వెంట ఈశాన్య గాలి జోరందుకుంటుంది. మా దారి పటం పక్కన గాలి దిశ గీసుకుని చూస్తే సంగతి స్పష్టమైపోయింది. అమలాపురం నుంచి కాకినాడ దాకా దారి ఈశాన్యానికే పోతుంది. అంటే సరిగ్గా మధ్యాహ్నం, సముద్రపు గాలి కూడా తోడయ్యే వేళకు, మొహం మీదికే.

తెల్లవారుజామున ఆరింటికి 17, 18 డిగ్రీల చలి ఉంటుంది. ఉత్తరాది వారు విని నవ్వుతారు గాని, గోదావరి గట్టున మంచులో సైకిలెక్కితే పది నిమిషాల్లో వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు పట్టు తెలియదు. గుళ్ళ మైకుల్లో తిరుప్పావై వినబడుతుండగా ధవళేశ్వరం దాటాము. కడియపులంకలో అప్పటికే పూల సంత నిండుగా ఉంది, బంతిపూల వాసన మంచులో కలిసి రోడ్డు మీదికి వస్తోంది. జొన్నాడ వంతెన మీద మాత్రం ఏటి పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందు వెళ్తున్నవారి ఎర్ర దీపం తప్ప మనిషి కనబడలేదు. మెరిసే పట్టీల జాకెట్ వేసుకోనివారిని బయలుదేరనివ్వకపోవడం ఎందుకో ఆ వంతెన మీద అర్థమవుతుంది.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళేటప్పుడు గాలి ఎడమ పక్క నుంచి కొట్టింది. పక్కగాలిలో ఒకరి వెనుక ఒకరు సూటిగా వెళితే లాభం లేదు. ముందున్నవారి చాటు వెనుక ఉండదు, గాలి పోయే వైపుకు ఒరిగి ఉంటుంది. మన దేశంలో రోడ్డుకు ఎడమవైపు నడుస్తాము కనుక, గాలి ఎడమ నుంచి వచ్చినప్పుడు ఆ చాటు మనకు కుడిపక్కన, అంటే లారీలు పోయే చోట దొరుకుతుంది. ఆ చాటు కోసం ఒకరికొకరు కాస్త పక్కగా జరిగి తొక్కమని పుస్తకాల్లో చూపే ఏటవాలు వరుస కోనసీమ రోడ్డు మీద ప్రాణం మీదికి తెచ్చే పని. అంచున పోదామా అంటే అక్కడ సార్వా ధాన్యం ఆరబోసి ఉంది. దానికి తోడు, కొబ్బరితోటల మధ్య ఉన్నంతసేపు గాలి లేదు, తోట అయిపోయి చేలు రాగానే హ్యాండిల్ పక్కకు గుంజుకుపోతుంది. కొబ్బరి మట్టలన్నీ నైరుతికి దువ్వినట్టు వంగి ఉంటే, ముందు ఖాళీ చేలున్నాయని ముందే సిద్ధపడాలి.

అమలాపురం దాటాక అసలు కథ. నిశ్చలమైన గాలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడికి, 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, అదే వేగం నిలుపుకోవడానికి గాలితో చేయవలసిన పని నాలుగింతలవుతుంది. అది సాధ్యం కాదు గనుక వేగమే తగ్గుతుంది. మేము నలుగురం వంతులు వేసుకుని, ఒకరు ముందు కాసేపు గాలిని కాస్తే మిగిలినవారు వెనుక తల దాచుకున్నాము. పన్నెండు, పదమూడు కంటే ముల్లు పైకి కదలలేదు. ముమ్మిడివరం దగ్గర టీకి ఆగితే చెమటతో తడిసిన బట్టల మీద గాలి తగిలి దవడలు కొట్టుకోసాగాయి. తొక్కుతున్నప్పుడు తెలియని చలి ఆగినప్పుడు తెలుస్తుంది.

"ఎంత బహుమతి ఇస్తారండి?" అని అడిగారు టీ కొట్టాయన.

"బహుమతి లేదండి, మేమే రుసుము కట్టాం."

"ఆయ్! బస్సెక్కితే ఈపాటికి కాకినాడలో భోంచేసేవారు కదండీ!" అంటూనే ఆయన నిన్నటి దినపత్రిక తీసి నా చేతిలో పెట్టి, చొక్కా లోపల గుండెల మీద పరుచుకోమన్నారు. ఆయన సంక్రాంతి ముందు వేకువనే మోటారు సైకిల్ మీద పాలకు వెళ్ళేటప్పుడు అలాగే చేస్తారట. ఐరోపా సైక్లిస్టులు కొండ దిగే ముందు చేసే పని కూడా అచ్చంగా ఇదే. వేల రూపాయలు పోసి కొన్న, గాలిని ఆపే జాకెట్ల కంటే ఆ రెండు మడతల కాగితం నన్ను కాకినాడ దాకా ఎక్కువ కాపాడింది.

ఎదుర్లంక వంతెన ఈ దారిలో మాకున్న ఏకైక కొండ. గౌతమి మీద అడ్డు అనేది లేదు, గాలి సముద్రం నుంచి నేరుగా వస్తుంది. అక్కడ కూర్చుని తొక్కలేక నిలబడ్డాను, నిలబడితే ఇంకా ఎక్కువ గాలి తగిలి మళ్ళీ కూర్చున్నాను. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో, ఫ్రెంచి సంఘం నియమాల కార్డు మీద, తెలుగువాళ్ళం ముద్ర వేయించుకోవడం నాకు మాత్రం భలే సరదాగా అనిపించింది. మిగిలినవారికి అప్పుడు చరిత్ర వినే ఓపిక లేదు.

కాకినాడ కంట్రోల్‌కు గడువు ముగిసే ముందు చేరాము. కరప వైపు తిరగగానే చెవుల్లో హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. వెనుకగాలి ఎప్పుడూ గాలిలా అనిపించదు, మన కాళ్ళకే బలమొచ్చిందనిపిస్తుంది. రామచంద్రపురం దాకా హాయిగా వచ్చి, మండపేట రోడ్డులో మళ్ళీ పక్కగాలి తిని, చీకటి పడ్డాక రాజమహేంద్రవరం చేరాము.

నిర్వాహకుల్లో పెద్దాయనతో ఆ రాత్రే వాదన పెట్టుకున్నాను. చలికాలంలో ఈ చుట్టును తిరగేయాలి. పొద్దున గాలి లేవకముందే కాకినాడ చేరితే, మధ్యాహ్నం యానాం, అమలాపురం వైపు గాలే తోసుకుపోతుంది. "చివర్లో అలసిపోయి, చీకట్లో రావులపాలెం హైవే మీద లారీల మధ్య రమ్మంటారా?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకు నా జవాబు, రావులపాలెం నుంచి హైవే ఎక్కకుండా లొల్ల లాకులు, ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టున వచ్చి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఊళ్ళోకి రావడం. రోడ్డు ఇరుకే గాని లారీలు తక్కువ. ఒక ఆదివారం నాతో వచ్చి ఆ దారి చూస్తానన్నారు, ఆత్రేయపురంలో పూతరేకుల ఖర్చు మాత్రం నాదేనట.