‘ద్య’ మీద పెట్టిన గురువు

సంచికకి ఏదైనా రాయమనగానే నాకు గుర్తొచ్చింది ఆటల పోటీలూ కాదు, వీడ్కోలు సభా కాదు. బోర్డు మీద నేను తప్పుగా పెట్టిన ఒక గురువు. మాస్టారు కాదు లెండి, ఛందస్సులో గురువు, అంటే బరువుగా పలికే అక్షరం; తేలికగా పలికేది లఘువు.

ఆ రోజు పాఠం ఏనుగు లక్ష్మణకవి పద్యం, ‘విద్య నిగూఢగుప్తమగు విత్తము’. నాలుగో పాదం నా వంతుకి వచ్చింది: ‘విద్య నృపాల పూజితము విద్య నెఱుంగనివాఁడు మర్త్యుఁడే’. ‘నృ’ కింద ఉన్నది ఒత్తనుకుని, దాని ముందున్న ‘ద్య’కి గురువు పెట్టేశాను. ఆ పద్యం ఉత్పలమాల. దానికి మొదట భగణం (గురువు, లఘువు, లఘువు) రావాలి. నాకేమో తగణం (గురువు, గురువు, లఘువు) తేలింది. టెన్షన్‌లో పద్యమే తప్పన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు.

“అది ఒత్తు కాదురా, ఋత్వం. అచ్చు. దానివల్ల ముందక్షరం గురువు కాదు. చెరిపి మళ్లీ పెట్టు” అన్నారు మాస్టారు. పెట్టాను. భ ర న భ భ ర వ గణాలు, 20 అక్షరాలూ బుద్ధిగా కూర్చున్నాయి.

తర్వాత నాలుగు పాదాల్లోనూ పదో అక్షరం దగ్గర గీత గీయమన్నారు. యతిస్థానం కదా, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. రెండు, మూడు, నాలుగు పాదాల్లో అక్కడ ఉన్నది ‘విద్య’ అనే మాటే. మొదటి పాదంలో మాత్రం ‘విత్తము’, అంటే డబ్బు. ‘వి’కి ‘వి’ కుదిరింది, బాగానే ఉంది. కానీ డబ్బుకి ఆ చోటు దక్కింది ఆ ఒక్కసారే. రెండో పాదం నుంచి పాదం మొదలూ విద్యదే, యతీ విద్యదే. ‘విద్యకు సాటి ధనంబు లేదిలన్’ అని కవి పైకి అనేది మూడో పాదంలో. అప్పటికే ధనం తన చోటు ఖాళీ చేసేసింది! ఛందస్సంటే లెక్కలే అనుకునేవాణ్ని, ఆ గీతలు చూసేదాకా.

అర్థం విషయంలో నేను గొప్పవాణ్నేం కాదు. ‘భోగకరి’లో కరి అంటే ఏనుగనుకుని, కవి తన ఇంటిపేరు అక్కడ దాచుకున్నాడని పరీక్షలో రాశాను. భోగాలనిచ్చేది అని మాస్టారు ఎర్ర ఇంకుతో దిద్దారు.

ఈ పద్యానికి మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకం ‘విద్యావిహీనః పశుః’, చదువు లేనివాడు పశువు అని తెగేసి చెబుతుంది. లక్ష్మణకవి పశువు మాట ఎత్తకుండా ‘మర్త్యుఁడే?’, మనిషేనా అని అడిగి వదిలేశాడు. నాకు తెలుగే నచ్చింది, జవాబు మన చేత చెప్పిస్తుంది కాబట్టి. హోంవర్క్ ఎగ్గొట్టినవాడు దొరికితే మాత్రం మాస్టారు తెలుగు పక్కన పెట్టి సంస్కృతమే అందుకునేవారు.