కావలి నుంచి నెల్లూరు మీటింగుకు

మద్యం మానడంలో ఆసుపత్రి పని ఎంతవరకో నాకు డిశ్చార్జి రోజున తెలిసింది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతుల వణుకుతో పోదని, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, ఆ తర్వాత మతి తప్పి లేని మనుషులు కనిపించే ప్రాణాపాయ స్థితి కూడా ఏర్పడవచ్చని చెప్పి, డాక్టరుగారు నన్ను వార్డులోనే ఉంచి, థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్లతో, మాత్రలతో ఆ గండం గట్టెక్కించారు. పంపించేటప్పుడు మాత్రం, "సాయంత్రం ఆరు దాటాక మీ కాళ్లు ఎటు నడుస్తాయో అది మా చేతిలో లేదు. ఇదే బాధ పడినవాళ్ల మధ్య కూర్చోండి" అంటూ ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అనే పేరును చీటీ మీద రాసిచ్చారు.

పేరైతే దొరికింది గాని చిరునామా లేదు. నేను కావలిలో ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఎవరినైనా అడిగితే తెల్లారేసరికి బజారంతా తెలిసిపోతుంది. ఆ సభ్యులు బోర్డులు పెట్టుకోరు, పూర్తి పేర్లు చెప్పుకోరు. నేను కోరుకున్న గోప్యతే వాళ్లను వెతకడానికి అడ్డమైంది. ఈలోగా మా బావమరిది, తాగేవారికి తెలియకుండా మజ్జిగలో కలిపి ఇవ్వవచ్చునని ప్రకటన చూసి, ఏదో పొడి తెప్పించాడు. నా భార్య దాన్ని డాక్టరుగారికి చూపిస్తే ఆయన పారవేయించారు. అలాంటి పొడుల్లో, మద్యంతో కలిస్తే ఒంటికి పడని డైసల్ఫిరామ్ అనే మందు ఉండి, ఆ సంగతి తెలియక మనిషి తాగితే, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చునట. డాక్టరు పర్యవేక్షణలో, మనిషి ఒప్పుకుని వాడవలసిన మందును దొంగచాటుగా పెట్టడం నా దృష్టిలో వైద్యం కాదు.

కేంద్ర ప్రభుత్వం నడిపే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే ఓపికగా మాట్లాడి, చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెప్పారు. మీటింగు సంగతి మాత్రం ఏఏ వారి సొంత ఫోన్ నంబరు ద్వారానే తేలింది. అవతలి మనిషి నా పేరు అడగలేదు. "ఈ రోజు తాగారా?" అని అడిగి, లేదనగానే, నెల్లూరు స్టేషనులో దిగి ఎటు రావాలో, ఏ గేటు దగ్గర నిలబడాలో వివరించి, "లోపలికి ఒక్కరే రావడానికి మొహమాటపడొద్దు సార్, నేను బయటే ఉంటా" అన్నాడు. అన్నట్టే ఉన్నాడు.

చర్చి ఆవరణలో అద్దెకు తీసుకున్న గది అది. మతానికీ మీటింగుకూ సంబంధం లేదని ముందే చెప్పారు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ ఫ్లాస్కు, తాగుడు మానడానికి ఏఏ సభ్యులు అనుసరించే పన్నెండు మెట్లు తెలుగులో రాసి గోడకు కట్టిన ఫ్లెక్సీ. కాసేపు మౌనంగా కూర్చున్నాక ఒకరు సంస్థ పరిచయం చదివారు: 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులతో మొదలైందని, చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత అని, ఫీజు లేదని. తర్వాత ఒక్కొక్కరే పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తన సంగతి మాట్లాడారు. ఎవరూ మధ్యలో అడ్డు తగలలేదు, సలహాలివ్వలేదు. ఇంట్లో ఇన్నేళ్లుగా సలహాలే తిన్న నాకు అది వింతగా తోచింది. లారీ డ్రైవరు పక్కన రొయ్యల గుంటల యజమాని, ఆయన పక్కన రిటైరైన మాస్టారు. వాళ్లు చెప్పుకున్నది అక్కడితోనే ఆగాలి కనుక ఇక్కడ రాయను. నా వంతుకు పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను, అదీ అంగీకారమే. చివర్లో గుడ్డ సంచి తిప్పారు, కొత్తవాళ్లు వేయనక్కరలేదన్నారు. గది అద్దె, టీ ఖర్చు సభ్యులే భరిస్తారు, బయటివారి విరాళాలు తీసుకోరు.

ఆ పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన దగ్గర నాకు ఇబ్బంది కలిగింది. మాది కమ్యూనిస్టు కుటుంబం. మాస్టారు మాత్రం, "దేవుడు కుదరకపోతే ప్రస్తుతానికి ఈ గదిలోని మనుషుల్ని నమ్ముకోండి" అని తేల్చేశారు.

మా అమ్మ పుట్టిల్లు కలిగిరి ప్రాంతం. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు ఆమె పక్క ఊరినుంచి వెళ్లి నిలబడిందట. నా మీటింగుల గురించి విని, "ఒరే అబ్బయ్యా, మీ సంఘమోళ్లు ఎప్పుడు షాపులు మూయిస్తారంట?" అని అడిగింది. మద్యనిషేధానికి అనుకూలంగా గాని వ్యతిరేకంగా గాని ఏఏ నోరు విప్పదని, బయటి వివాదాల్లో తలదూర్చకపోవడం దాని సంప్రదాయమని చెబితే ఆమెకు మింగుడు పడలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లోనే సడలిపోయిందని గుర్తుచేశాను. దుకాణం మూస్తే నీకు తేలికయ్యేదా కాదా అని నిలదీసింది. తేలికయ్యేదే. ఆ విషయంలో ఆమె వాదన ఆమెది, నేను కాదనలేదు.

నా భార్య కోసం ఆల్-అనాన్ వెతికాం. అది తాగేవారి కుటుంబాలకు విడిగా, 1951 నుంచి నడుస్తున్న బృందం. ఆమె ప్రయాణాలు పెట్టుకోలేక, పిల్లలు పడుకున్నాక ఫోనులో ఆన్‌లైన్ మీటింగు వింటుంది.

మొదట వేరే ఊరి మీటింగుకు వెళ్లడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. ఎదురుపడేవాళ్లు లేకపోవడం వల్లనే నేను నోరు విప్పగలిగాను. బయల్దేరే ముందు ఫోన్ చేయడం మంచిది, గది గాని వేళ గాని మారి ఉండవచ్చు. బంధువును వెంట తీసుకువెళ్లాలంటే అది ఓపెన్ మీటింగు అవునో కాదో కనుక్కోవాలి. క్లోజ్డ్ మీటింగుకు తాగుడు సమస్య ఉన్నవారే రావాలి. తాగి వచ్చినవాణ్ణి కూడా మా గ్రూపులో వెనక్కి పంపరు, ఆ పూటకు మాట్లాడకుండా విని వెళ్లమంటారు.