సైన్యం, మామిడి ర్యాంపు, సేవా సంస్థ: నా గ్రూప్-1 ప్రిపరేషన్

ఏపీపీఎస్సీ గ్రూప్-1కు చదువుతున్న మిత్రులకు, ముఖ్యంగా ఒకటి రెండు ఉద్యోగాలు చేసి, సంసార బాధ్యతలు మీద వేసుకుని, నలభై దాటాక మళ్లీ పుస్తకం పట్టిన వారికి నా ప్రిపరేషన్ గురించి వివరంగా చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నేను పాకాల మండలంలోని ఒక పల్లెలో పుట్టాను. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరి, బలగాలకు సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో పదిహేడేళ్లు పనిచేశాను. ఆ సర్వీసులోనే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాను. హవల్దారుగా పెన్షన్ మీద ఇంటికి వచ్చి దామలచెరువు దగ్గర మూడు సీజన్లు మామిడి ర్యాంపు, అంటే రైతుల కాయ తూకం వేసి ఫ్యాక్టరీలకు పంపే కేంద్రం, నడిపాను. అది మూతపడ్డాక, నీటి సంరక్షణ మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్లు ఉన్నాను. ఆ తరువాత తిరుపతి బాలాజీ కాలనీలో గది తీసుకుని చదువుకు కూర్చున్నాను. మొదటిసారి మెయిన్స్‌లో ఆగిపోయాను, రెండోసారి ఇంటర్వ్యూ దాటి ఎంపికయ్యాను. ఈ రెండు ప్రయత్నాలకు నేను చదివిన పుస్తకాలు దాదాపు అవే. మారింది ఒక్కటే, నా గడిచిన జీవితాన్ని సిలబస్ పక్కన పెట్టి చదవడం రెండోసారి నేర్చుకున్నాను.

ప్రిలిమ్స్ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పాత ప్రశ్నపత్రాలు, నెగెటివ్ మార్కుల భయంతో వచ్చే క్రమశిక్షణ, రోజూ గంటసేపు మానసిక సామర్థ్యం లెక్కలు, ఇవి అందరూ చెప్పేవే. మాజీ సైనికులకు మాత్రం ఒక మాట. మన సర్వీసు కాలాన్ని, దానికి తోడు మరో మూడేళ్లను గరిష్ఠ వయోపరిమితికి కలిపి చూస్తారు కనుక వయసు దాటిపోయిందని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. డిశ్చార్జి పుస్తకంలోని పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో అక్షరం తేడా లేకుండా సరిపోతున్నాయో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోండి. నా తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు, దాన్ని సరిచేయించుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

మెయిన్స్‌లో, నేను రాసిన పద్ధతి ప్రకారం, ర్యాంకుకు లెక్కించే పేపర్లు ఐదు, ఒక్కొక్కటి 150 మార్కులు, ఆపైన ఇంటర్వ్యూకు 75. మూడో పేపరులో రాజ్యాంగం, పాలన, చట్టాలతో పాటు నైతికత కూడా ఉంటుంది. నైతికత, జనరల్ వ్యాసం చూసినప్పుడు ఇవి నావే అనుకున్నాను. నాయకత్వం గురించి అడిగితే పదిహేడేళ్లు యూనిఫాం వేసుకున్నవాడికి ఎవరు చెప్పాలి? ఆ నమ్మకంతో మొదటి ప్రయత్నంలో ఆ పేపర్లకు దాదాపు ఏమీ చదవలేదు. ప్రశ్న కనిపించగానే నా అనుభవం రాసేశాను. మార్కులు చూశాక జరిగింది అర్థమైంది. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో నా పక్క బల్ల మీద చదువుకునే ఇరవై నాలుగేళ్ల కుర్రవాడికి నేను ఇంట్లో రాసుకున్న జవాబులు చూపించాను. అతను ఓపికగా మొత్తం చదివి, "అన్నా, చదువుతుంటే బాగుంది. కానీ ఇందులో ప్రశ్నకు జవాబు ఎక్కడుంది?" అని అడిగాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు అడిగిన ఆ ప్రశ్నే నా రెండో ప్రయత్నానికి మొదలు.

మరుసటి రోజు ఒక లాంగ్ నోటుబుక్కు కొని ప్రతి పేజీనీ నిలువుగా రెండు భాగాలు చేశాను. ఎడమవైపు నా జీవితంలో జరిగిన ఒక సంఘటనను నాలుగు వాక్యాలకు మించకుండా రాసేవాణ్ణి. కుడివైపు ఆ సంఘటన వెనుక ఉన్న చట్టం, రాజ్యాంగ అధికరణ, ఆర్థిక సూత్రం, పథకం ఏదో వెతికి రాసేవాణ్ణి. కుడివైపు ఖాళీగా మిగిలితే ఆ సంఘటన పరీక్షకు పనికిరాదని పక్కన పెట్టేసేవాణ్ణి. అలా పక్కన పెట్టడం కష్టంగానే ఉండేది, ఎందుకంటే మనకు ఎంతో ముఖ్యమైన జ్ఞాపకాల్లో చాలావాటికి కుడివైపు ఏమీ దొరకదు.

సైన్యం పేజీల్లో మొదటిది లద్దాఖ్‌ది. చలికాలం మంచుకు జోజిలా కనుమ మూసుకుపోక ముందే పై పోస్టులకు నెలల తరబడి సరిపోయే పిండి, పప్పు, కిరోసిన్ చేర్చాలి. సరుకు లెక్క చూసే స్టోర్ పని నాది. ఒక రాత్రి కిరోసిన్ జెర్రీకేన్ల లెక్క రిజిస్టరుకు ఒక్కటి తక్కువగా వచ్చింది. వందల కేన్లలో ఒక్కటే కదా అని నేను తెల్లవారాక చూద్దామన్నాను. మా సుబేదార్ సాబ్ టార్చి నా చేతికిచ్చి, తాను కూడా పక్కనే నిలబడి, మొత్తం వరుసలన్నీ మళ్లీ లెక్కపెట్టించారు. వేళ్లు కొంకర్లు పోతుండగా మూడో వరుస చివర, టార్పాలిన్ మడత కింద ఆ కేను దొరికింది. ఆయన ఒక్క మాట కూడా అనకుండా రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఈ సంఘటనకు కుడివైపు నేను రాసుకున్నవి జవాబుదారీతనం, పై అధికారి తానే ముందు నిలబడి చేయించడం, ప్రభుత్వ ఆస్తికి ధర్మకర్తగా ఉండడం. పాలిటీలో కూడా సైనికుడికి దగ్గరి దారి ఒకటి ఉంది. సాయుధ బలగాల సభ్యులకు ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని 33వ అధికరణ పార్లమెంటుకు ఇస్తుంది, 53వ అధికరణ రక్షణ బలగాల అత్యున్నత నాయకత్వాన్ని రాష్ట్రపతికి అప్పగిస్తుంది, 72వ అధికరణ సైనిక న్యాయస్థానం వేసిన శిక్షలకు కూడా క్షమాభిక్ష వర్తించేలా చేస్తుంది, 136వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు ఉన్న ప్రత్యేక అనుమతి అధికారం మాత్రం సైనిక న్యాయస్థానాలకు వర్తించదు. 1950 నాటి ఆర్మీ చట్టం కింద అన్నేళ్లు పనిచేసి కూడా వీటిలో ఒక్క అధికరణ సంఖ్యను నేను మొదటి మెయిన్స్‌లో రాయలేదు.

ఇక ర్యాంపు గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను, ఎందుకంటే నాకు ఆర్థిక వ్యవస్థ పేపరు నేర్పింది అదే. మామిడి ర్యాంపు అంటే మన ప్రాంతం వారికి తెలిసిందే. రైతు ట్రాక్టరులో కాయ తెస్తాడు, మనం తూకం వేసి, గ్రేడు చూసి, లారీకి ఎత్తి గుజ్జు ఫ్యాక్టరీకి పంపుతాం. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గుజ్జుకు పోయేది ఎక్కువగా తోతాపురి. నేను మొదటి సీజనులో సైన్యం పద్ధతిలోనే నడిపాను. చెప్పిన సమయానికి తూకం, వరుసలో ట్రాక్టర్లు, మాట మీద మాట లేదు. రెండో వారానికే నా ర్యాంపుకు ట్రాక్టర్లు తగ్గిపోయాయి. ఒక రోజు ఒక పెద్దావిడ తన కాయ దించకుండా నిలబడి, "నాయనా, ముందు ఒట్టి కాటా ఒకతూరి చూపించు" అంది. నా నిజాయతీనే శంకించిందని నాకు కోపం వచ్చింది. అయినా చూపించాను. కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా ఉండాల్సింది, మైనస్ రెండు కిలోలు చూపిస్తోంది. ప్లేటు కింద కాయ ఒకటి ఇరుక్కుని ఉంది. నేను మోసం చేయలేదు, కానీ ఆ రోజు పొద్దుటి నుంచి తూకం వేసిన ప్రతి రైతుకూ లెక్క తప్పింది. అప్పటి నుంచి ప్రతి ట్రాక్టరుకూ ముందు ఖాళీ కాటా చూపించి, తరుగు ఎంతో రాసిన చీటీ చేతికిచ్చాకే కాయ దించేవాళ్లం. ట్రాక్టర్లు మళ్లీ వచ్చాయి. సైన్యంలో నా మాటకు హోదా బలం ఉండేది, ఇక్కడ రైతు పక్క ర్యాంపుకు వెళ్లిపోవచ్చు కనుక నా మాటకు కాటా ఒక్కటే సాక్ష్యం.

వ్యాపారం పోయింది మాత్రం కాటా వల్ల కాదు. మూడో సీజనులో కాయ అంతా ఒకేసారి మీద పడింది, ధర పడిపోయింది, నేను సరుకు పంపిన ఒక ఫ్యాక్టరీ నుంచి డబ్బు నెలల తరబడి రాలేదు. రైతులకు నేను మాట ఇచ్చాను కనుక పెన్షన్ మీద అప్పు తీసుకుని కట్టి, షెడ్డు అమ్మేశాను. ఆ బాధను అలాగే రాస్తే మార్కు రాదు. కుడివైపు నేను రాసుకున్నది ఇది: నిల్వ ఉండని పంట కొద్ది వారాల్లోనే మార్కెట్‌కు రావడం, కొనేవారు కొద్దిమందే కావడం వల్ల బేరమాడే శక్తి అంతా ఒకవైపే చేరడం, మామిడి కనీస మద్దతు ధర పంటల్లో లేకపోవడం, అందుకే ఇలాంటి పంటలకు మార్కెట్ జోక్య పథకం అవసరం కావడం, 2016 ఏప్రిల్ 14న మొదలైన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్, 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి తెచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీలు, 1995 నాటి మన రాష్ట్ర పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. వ్యవసాయ మార్కెటింగ్ మీద ప్రశ్న వచ్చినప్పుడు ఈ కుడివైపు విషయాన్ని నిండుగా రాసి, ర్యాంపు అనుభవాన్ని ఒక్క వాక్యంలో ఉదాహరణగా ఇచ్చాను.

సేవా సంస్థలో చేరినప్పుడు అక్కడ హోదా బలమూ లేదు, ధర బలమూ లేదు. ఒక గ్రామంలో పంట కుంట ఎక్కడ తవ్వాలో నేనే వాలు చూసి, గుర్తు పెట్టి, మరునాడు ఉదయం ఆరింటికి రమ్మని చెప్పి వచ్చాను. ఒక్కరూ రాలేదు. తరువాత తెలిసింది, నేను గుర్తు పెట్టిన చోటు మీదుగానే ఆ ఊరి పశువులు మేతకు వెళ్లే దారి ఉంది. గ్రామసభలో కూర్చుని రెండు గంటలు వాదోపవాదాలు విన్న తరువాత కుంట వంద గజాలు జరిగింది, జనమూ వచ్చారు. వ్యాపారంలో తప్పు చేస్తే రైతు వెంటనే వెళ్లిపోతాడు కనుక సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. సేవా సంస్థలో డబ్బు ఇచ్చేది ఒకరు, పని జరిగేది మరొకరి ఊళ్లో, కాబట్టి తప్పు జరిగినా నివేదిక అందంగానే తయారవుతుంది. సామాజిక తనిఖీ, అంటే పనుల లెక్కలను ఊరివారే చూడడం, ఎందుకు కావాలో నాకు అక్కడే తెలిసింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఆ తనిఖీ బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది, ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది కూడా మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. దీనికి పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణను, వాటి అధికారాలు చెప్పే 243జి అధికరణను, పదకొండో షెడ్యూలులోని 29 అంశాలను, మన రాష్ట్రపు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టాన్ని కలిపితే పాలన మీద ఏ ప్రశ్నకైనా ఎముక, కండ రెండూ దొరుకుతాయి. సంస్థల నిధుల గురించి, కంపెనీల సామాజిక బాధ్యతను చెప్పే కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్, విదేశీ విరాళాల చట్టం 2010, దాని 2020 సవరణ తప్పక చదవండి. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది ఆ సవరణే.

వ్యాసం పేపరుకు నా జీవితం ఒక్కటే చాలదు కనుక ఇలాంటి దారుల్లో నడిచిన పెద్దల జీవితాలు కూడా చదివాను. కెప్టెన్ గోపీనాథ్ సైన్యం వదిలి హసన్ జిల్లాలో సేద్యం చేసి, 2003లో ఎయిర్ డెక్కన్ ప్రారంభించి సామాన్యుడికి విమాన టికెట్టు అందుబాటులోకి తెచ్చారు. అన్నా హజారే సైన్యంలో డ్రైవరుగా పనిచేసి, 1975లో బయటికి వచ్చి రాళేగణ్ సిద్ధిలో నీటి పనులు చేపట్టారు. అమెరికా సైన్యాధిపతిగా రెండో ప్రపంచ యుద్ధాన్ని నడిపిన జార్జ్ మార్షల్ ఆ తరువాత విదేశాంగ మంత్రిగా, అక్కడి రెడ్‌క్రాస్ అధ్యక్షుడిగా పనిచేసి 1953లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. మొదట్లో ముగ్గురినీ ఒకే పేరాలో వరుసగా పేర్చేవాణ్ణి. పేర్లు పెరిగేకొద్దీ వ్యాసం పలచబడుతుందని దిద్దించుకున్నప్పుడు తెలిసింది. ఒక వ్యాసానికి ఒక్కరిని తీసుకుని, ఆయన ఒక రంగం నుంచి ఏం తీసుకెళ్లారు, ఏం వదిలేయాల్సి వచ్చింది అన్నది రాస్తేనే అది విశ్లేషణ అవుతుందని నా అభిప్రాయం.

నా దినచర్య మామూలుదే. తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఏడింటి దాకా గదిలో, పది నుంచి సాయంత్రం దాకా లైబ్రరీలో, రాత్రి రెండు జవాబులు గడియారం పెట్టుకుని రాయడం. శనివారం ఉదయం మాత్రం పుస్తకం ముట్టకుండా అలిపిరి మెట్ల దారిన కొండెక్కి వచ్చేవాణ్ణి. మోకాళ్లు సహకరించే వారికి ఆ 3,550 మెట్లు వారం రోజుల బరువును దించేస్తాయి.

ఇంటర్వ్యూకు ముందు తిరుపతిలోనే ఒక విశ్రాంత అధికారి మాకు నమూనా ఇంటర్వ్యూలు చేశారు. "సైన్యం వదిలారు, వ్యాపారం వదిలారు, సేవా సంస్థ వదిలారు. దీన్ని వదలరని నమ్మకమేమిటి?" అని అడిగారు. దేశసేవ, ప్రజాసేవ అంటూ నేను చెప్పిన జవాబును ఆయన మధ్యలోనే ఆపి, "ఎందుకు వదిలారో ఒక్కొక్క వాక్యంలో నిజం చెప్పండి" అన్నారు. సర్వీసు గడువు పూర్తయింది, డబ్బు రాక మూసేశాను, ప్రాజెక్టు నిధులు ముగిశాయి. మూడు వాక్యాలు చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. విజయవాడలో అసలు బోర్డు ముందు కూడా అదే ప్రశ్న దాదాపు అలాగే వచ్చింది, అదే జవాబు చెప్పాను. తరువాత ఒక సభ్యులు, మీ పరిధిలో కాటా మోసం జరుగుతోందని రైతులు ఫిర్యాదు చేస్తే ఏం చేస్తారని అడిగారు. తూనికలు, కొలతలకు సంబంధించిన లీగల్ మెట్రాలజీ చట్టం 2009 గురించి, తనిఖీ, ముద్ర విధానం గురించి చెప్పి, అన్నిటికంటే ముందు ఆ రైతుల ఎదుటే ఖాళీ కాటా చూపించమని అడుగుతానని అన్నాను. ఖాళీ కాటా ఎందుకని ఆయన తిరిగి అడిగారు. అప్పుడు ఆ పెద్దావిడ గురించి చెప్పాను.