నా డేటా పనికిరాలేదు

ఈ దేశం వచ్చి ల్యాబ్‌లో చేరిన కొత్తలో, మెషీన్ సరిగ్గా నడుస్తోందో లేదో చూద్దామని నన్నే ఐ ట్రాకర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఇంగ్లీషు వాక్యాలు చదువుతూ పోతే ఏ మాట మీద కన్ను ఎన్ని మిల్లీసెకన్లు ఆగిందో అది లెక్కేస్తుంది. అయిపోయాక నా ఫైలు పక్కన పెట్టేశారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల డేటా ఆ ప్రయోగానికి పనికిరాదట. రూలు సరైనదే, అయినా మనసు చివుక్కుమంది.

మేం చేసేది ఇదీ: ముందున్న మాటల్ని బట్టి తర్వాతి మాట వచ్చే అవకాశం ఎంతో భాషా మోడల్‌ని, అంటే బోలెడు రాతలు చదివి తర్వాతి మాటని ఊహించే కంప్యూటర్ ప్రోగ్రాంని, అడుగుతాం. అవకాశం ఎంత తక్కువైతే ‘సర్‌ప్రైజల్’ అంత ఎక్కువ, అక్కడ మనిషి కన్ను కూడా అంత ఎక్కువసేపు ఆగాలి. 2001లో జాన్ హేల్, 2008లో రోజర్ లెవీ అనే పరిశోధకులు ఈ లెక్కని నిలబెట్టారు. మరి మోడల్ ఎంత పెద్దదైతే మనిషికి అంత దగ్గరవ్వాలి కదా? అవ్వట్లేదు! వేర్వేరు సైజుల్లో ఉన్న జీపీటీ-2 అనే భాషా మోడల్‌లో అన్నిటికన్నా చిన్నది చదివే వేగాన్ని బాగానే పట్టుకుంటుంది, దాని పెద్దన్నలు తర్వాతి మాటని ఇంకా బాగా ఊహిస్తాయి గానీ మనిషి నుంచి దూరం జరుగుతాయి. ఎందుకంటే మనం తడబడే అరుదైన పేర్లూ మాటలూ వాటికి కంఠతా వచ్చు.

నాకైతే ఇది మీటింగుల్లో రోజూ అనుభవమే, కాకపోతే తిరగేసి. ఎవరైనా జోకు వేస్తే నేను నవ్వేసరికి మిగతావాళ్లు పనిలో పడిపోయి ఉంటారు. అదే అమ్మ ఫోన్లో “ఈసారి కూడా నువ్వు...” అందంటే చాలు, చివర్లో రాబోయే “రావన్నమాట” నాకు ముందే వినిపిస్తుంది.

అందుకే తెలుగు వాక్యాలతో ఓ ప్రయోగం మొదలుపెట్టాను. క్రియ చివర్లో వచ్చే భాషలో ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో చూడాలని నా ఆశ. తీరా చూస్తే మొదటి టెన్షన్ మోడల్ దగ్గరే. మన లిపిలో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ కంప్యూటర్ లెక్కలో మూడేసి బైట్లు, జీపీటీ-2 లాంటివి “వెళ్లిపోయింది”ని ముక్కలు ముక్కలు చేసేస్తాయి, ఆ ముక్కలన్నిటి సర్‌ప్రైజల్ కూడితేగానీ ఒక మాట లెక్క తేలదు.

మొన్న ఆ వాక్యాలు పెట్టి మళ్లీ నేనే మెషీన్ ముందు కూర్చున్నాను. కళ్లు జారిపోయాయి, ఎక్కడా ఆగలేదు. వాక్యాలు రాసింది నేనే కదా, ఈ ఫైలు కూడా పనికిరాదు.