ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు: కార్గో ట్రైలర్‌ని క్యాంపర్ చేసే లెక్కలు

కారు వెనక తగిలించి లాగే సామాన్ల ట్రైలర్ ఒకటి కొని, లోపల పడుకునే వీలున్న క్యాంపర్‌గా మార్చాలని ప్లాను. ట్రైలర్ ఇంకా కొనలేదు. ఆర్డరు ఇచ్చే ముందు తేల్చుకోవాల్సినవి బోలెడున్నాయి. తేలినవి తేలినట్టు రాసి పెట్టుకుంటున్నాను. ఇదే పని తలపెట్టిన వాళ్లెవరైనా ఉంటే నా అంకెల పక్కన మీ అంకెలు వేసి చూసుకోండి.

జనవరి

మేం డల్లాస్‌కి ఉత్తరాన ఉంటాం. నేను, మా ఆవిడ, మూడో తరగతి చదివే పాప. మా అమ్మ తెనాలి నుంచి వస్తే ఆర్నెల్లు ఉంటుంది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో క్యాంప్‌సైట్ ఐదు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. కానీ గుడారం వేసి అమ్మని నేల మీద పడుకోబెట్టలేం కదా. రెడీమేడ్ క్యాంపర్లు చూశాం. తేలికైనవి ధర ఎక్కువ, ధర తక్కువవి మా కారుకి బరువెక్కువ. అందుకని కార్గో ట్రైలర్ వైపు తిరిగాను. ఇనుప చట్రం, పైన అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్ గోడలు, అంతే. సామాన్లు మోసే ఖాళీ పెట్టె. లోపల ఏది ఎక్కడుండాలో మనమే పెట్టుకోవచ్చు.

మాది టొయోటా హైలాండర్ వి6. లాగగలిగేది 5,000 పౌండ్లు. ఈ అంకె చూసి చాలామంది 7 బై 14 సైజుకి, రెండు ఇరుసుల బండికి వెళ్లిపోతారు. అది ఖాళీగానే రెండు వేల పౌండ్లు దాటుతుంది. నేను ముందు చూసింది డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కరు. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో అందులో ఉంటుంది. మాది 1,400 పౌండ్ల చిల్లర. నలుగురం ఎక్కితే 520, డిక్కీలో సామాను 150 అనుకుందాం. ట్రైలర్ ముక్కు హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే చోటు) మీద మోపే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. 5,000 పౌండ్ల బండి కట్టుకుంటే కనీసం 500 పౌండ్లు కారు వెనక కూర్చుంటాయి. అంత పెట్టుకుని కొండ దారి దిగడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి 6 బై 12, ఒకటే ఇరుసు, ముందు భాగం వి ఆకారంలో ఉండేది. ఈ సైజు బండ్లకి నిండు బరువు పరిమితి 2,990 పౌండ్లని రాసి ఉండటం మీరూ గమనించే ఉంటారు. ఇరుసు 3,500 మోయగలిగినా 2,990 అనే వేస్తారు. ఎందుకంటే చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లకి చేరితే బ్రేకులు తప్పనిసరి. టెక్సస్‌లో ఆ గీత 4,500 దగ్గర ఉంది. చట్టం సంగతి ఎలా ఉన్నా నేను మాత్రం ఎలక్ట్రిక్ బ్రేకులు పెట్టించమనే చెప్పాను. మొదటి ట్రిప్పు పాలో డ్యూరో కాన్యన్‌కి అనుకుంటున్నాం. అక్కడ లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. ఫ్యాక్టరీలోనే వేయిస్తే ఖర్చు తక్కువ, తర్వాత మనం బిగించాలంటే చక్రాల హబ్బులు విప్పాల్సిందే.

ఫిబ్రవరి: బరువుల చిట్టా

డీలర్ చెప్పిన ఖాళీ బరువు 1,400 పౌండ్లు. దాని మీద నేను వేసినవి ఇవి. గోడలకి, పైకప్పుకి ఫోమ్ షీట్లు, పైన సన్నని ప్లైవుడ్ 110. మంచం చట్రం, పరుపులు 130. వంట సొరుగు, అల్మారాలు 120. బ్యాటరీలు, ఇన్వర్టర్, వైర్లు 90. సోలార్ ప్యానెళ్లు, స్టాండు 40. ఫ్యాను, కిటికీ 40. ఏసీ 40. ఫ్రిజ్ 35. నీళ్లు 14 గ్యాలన్లు, అంటే 117 పౌండ్లు, డబ్బాలతో కలిపి 120 అనుకోండి. బట్టలు, గిన్నెలు, కుర్చీలు, బియ్యం పప్పులు అన్నీ కలిపి 300. మొత్తం 1,025. ఖాళీ బరువుతో కలిపితే 2,425. ఇంకా 565 మిగులుంది. ఈ మిగులు ముట్టుకోకూడదని ఇంట్లో తీర్మానం. మన వాళ్ల ప్రయాణాల్లో ఊరగాయ జాడీలు, స్టీలు డబ్బాలు చివరి నిమిషంలో ఎలా ఎక్కుతాయో తెలిసిందే.

మొత్తం బరువు ఒక సంగతి. అది ఎక్కడ కూర్చుంటుందన్నది ఇంకా పెద్ద సంగతి. ఇరుసు పెట్టెకి సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త వెనక్కి ఉంటుంది. నేను చూసిన బండికి ముందు గోడ నుంచి 7 అడుగుల దగ్గర ఉంది. హిచ్ బంతి నుంచి ఇరుసు దాకా పదిన్నర అడుగులు. ఇరుసుకి వెనక మూడున్నర అడుగుల దూరంలో 100 పౌండ్లు పెడితే, ముక్కు మీద 33 పౌండ్లు తగ్గిపోతాయి. అదే ఇరుసుకి ముందు 4 అడుగుల దూరంలో 120 పౌండ్ల నీళ్లు పెడితే 46 పౌండ్లు పెరుగుతాయి. త్రాసు లెక్కే, పెద్ద విద్యేం కాదు. ముక్కు తేలికైపోతే హైవే మీద పక్కన లారీ దాటినప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలయ్యాక ఆపడం కష్టం. అందుకే లోపల ప్లాను గీసేటప్పుడు ప్రతి వస్తువు పక్కన రెండు అంకెలు రాశాను: ఎన్ని పౌండ్లు, ఇరుసుకి ఎన్ని అడుగులు.

గరాజ్ నేల మీద ప్లాను

కంప్యూటర్లో గీసిన బొమ్మ చూస్తే అంతా సరిపోయినట్టే ఉంటుంది. నీలం రంగు పెయింటర్ టేపు తెచ్చి గరాజ్ నేల మీద అసలు కొలతల్లో గీశాను. బయటి వెడల్పు ఆరడుగులన్నా లోపల వచ్చేది 68 అంగుళాలే. ఫోమ్, ప్లైవుడ్ వేశాక ఇంకో అంగుళం పోతుంది. నేను 5 అడుగుల 10 అంగుళాలు. అడ్డంగా పడుకుంటే మోకాళ్లు ముడుచుకోవాలి.

అందుకని పెద్ద మంచం వెనక భాగంలో, నిలువుగా. 75 అంగుళాల పొడవు, వెడల్పు గోడ నుంచి గోడకి. ముగ్గురం పడతాం. నేల నుంచి 30 అంగుళాల ఎత్తులో వేస్తే దాని కింద వంట సొరుగు, పెట్టెలు పడతాయి. లోపలి ఎత్తు 6 అడుగుల 3 అంగుళాల బదులు 6 అడుగుల 6 అంగుళాలు అడిగాను. పరుపు, ఫోమ్ మందం తీసేసినా మంచం మీద తల తగలకుండా కూర్చోవచ్చు.

అమ్మ ఆ టేపు గీతల మధ్య యోగా మ్యాట్ వేసుకుని పడుకుని చూసింది.

"ఇదేంట్రా నాన్నా, లారీ డబ్బాలో పడుకోవాలా?"

"కిటికీ ఉంటుందమ్మా. ఫ్యాను కూడా."

"ముప్పై అంగుళాలంటే ఇంత ఎత్తా? ఈ మోకాళ్లతో నేనెక్కను. నాకు కిందే వెయ్యి. మరి అర్ధరాత్రి లేస్తే ఎక్కడికి పోవాలి?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. ముందు గోడకి ఆనించి 28 అంగుళాల వెడల్పున అడ్డ బల్ల వేస్తున్నాను. పగలు కూర్చోవడానికి, రాత్రి అమ్మకి మంచం. ఆవిడ ఎత్తుకి 67 అంగుళాలు హాయిగా సరిపోతుంది. ఆ బల్ల కిందే నీళ్ల డబ్బాలు, బ్యాటరీలు. బరువు ఇరుసుకి ముందు పడాలన్న లెక్క కూడా అక్కడ కుదిరింది. బల్లకి, పెద్ద మంచానికి మధ్య 41 అంగుళాలు మిగులుతుంది, 32 అంగుళాల పక్క తలుపు అందులో పడుతుంది. వి ఆకారపు మూలలో పోర్టబుల్ టాయిలెట్, దానికో తెర. పార్కుల్లో బాత్రూములు బాగానే ఉంటాయి, ఇది అర్ధరాత్రి కోసం మాత్రమే.

తలుపుల గురించి ఒక మాట. కార్గో ట్రైలర్ తలుపులకి మామూలుగా బయట నుంచి వేసే ఇనుప కడ్డీ గడియ ఉంటుంది. లోపల మనిషి ఉండగా ఎవరైనా బయట గడియ వేస్తే ఇక అంతే. పక్క తలుపుకి లోపల నుంచి కూడా తీయగలిగే ఆర్‌వీ తాళం (క్యాంపర్ బండ్లకి వాడేది) పెట్టమని ఆర్డరులో రాయించాలి. ఎదుటి గోడకి తోస్తే తెరుచుకునే ఎమర్జెన్సీ కిటికీ ఉండాలి, పెద్దవాళ్లు దూరేంత సైజులో. వెనక ర్యాంప్ తలుపు బాగుంటుందని చాలామంది అంటారు, వరండాలా వాడుకోవచ్చని. నేను రెండు రెక్కల తలుపు తీసుకుంటున్నాను. బరువు తక్కువ, ఒక రెక్క తీసి సొరుగు లాగితే వంటిల్లు బయటే ఉంటుంది.

వంట, కరెంటు

వంట బయటే అన్నది మా ఇంట్లో చర్చ లేకుండా తేలిపోయిన విషయం. 12 అడుగుల పెట్టెలో ఎండుమిరపకాయల తాలింపు వేస్తే అలారం మోగడం మాట అటుంచి, పరుపులకి ఆ ఘాటు నెల దాకా పోదు. గ్యాస్ సిలిండర్ లోపల ఉంచం. ప్రొపేన్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. గ్యాస్ డిటెక్టర్ కింద, మోకాలి కంటే దిగువన పెట్టాలి. పొగ అలారం పైన. కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా ఇంకొకటి.

కరెంటు అంచనా వేసే ముందు ఇంట్లో ప్లగ్గుకి వాట్ మీటర్ పెట్టి కొలిచాను. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్లో అన్నం, పప్పు కలిపి వండితే పావు యూనిట్ అయింది, 250 వాట్ అవర్లు. ఇండక్షన్ మీద ఇంటిల్లిపాదికీ దోసెలు పోస్తే 600 దాటింది. కాబట్టి దోసెలు గ్యాస్ మీదే, అన్నం మాత్రం బ్యాటరీ మీద. ఫ్రిజ్ 12 వోల్టులది, రోజుకి 400 దాకా తింటుంది. ఫ్యాను, లైట్లు, ఫోన్లు కలిపి 250. అంటే రోజుకి 900.

100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి. ఒక్కటి చాలేలా కనిపిస్తుంది. కానీ 1,000 వాట్ల కుక్కర్‌కి ఇన్వర్టర్ దాదాపు 87 ఆంపియర్లు గుంజుతుంది. ఈ బ్యాటరీల్లో చాలావాటికి లోపలి రక్షణ సర్క్యూట్ పరిమితి 100. అంత అంచున నడపడం ఎందుకని రెండు పెడుతున్నాను. బ్యాటరీ పక్కనే క్లాస్ టి ఫ్యూజు (భారీ కరెంటుని వెంటనే తెంపేది), 2/0 సైజు, అంటే బాగా లావు రాగి కేబుల్, పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఈ బ్యాటరీలని చార్జ్ చేయకూడదు. బ్యాటరీలు పెట్టె లోపల, బల్ల కింద ఉండటానికి అదొక కారణం.

సోలార్ 200 వాట్లు, కప్పు మీద కాదు. ఎండాకాలం టెక్సస్‌లో చెట్టు నీడ వెతుక్కుంటాం, ప్యానెల్‌కేమో ఎండ కావాలి. స్టాండు మీద పెట్టి పొడవైన వైరుతో ఎండలోకి లాగితే రెండూ కుదురుతాయి. మంచి ఎండకి రోజుకి 750 వాట్ అవర్లు వస్తుందని అంచనా. కప్పుకి బొక్కలు తగ్గడం అదనపు లాభం. కప్పు మీద ఉండేది ఒకే ఒక్క రంధ్రం, ఫ్యానుకి 14 బై 14 అంగుళాలు. దాని చుట్టూ చట్రం ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ చేసి పంపమంటున్నాను. నీళ్లు దిగకుండా చుట్టూ బ్యూటైల్ టేపు, పైన ల్యాప్ సీలెంట్. ముగ్గురు నలుగురు రాత్రంతా వదిలే ఊపిరి చల్లటి ఇనుము మీద నీటి బొట్లై కారుతుంది, ఆ ఫ్యాను చలికాలంలో కూడా కొంచెం తిరుగుతూ ఉండాల్సిందే. గోడల్లో ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ (గట్టి నురగ షీటు) ఫోమ్, వేడిని ఆపే కొలతలో ఆర్-5. ఇనుప పట్టీల మీద కూడా అరంగుళం షీటు అడ్డంగా వేయకపోతే ఆ పట్టీల గుండానే వేడంతా లోపలికి వస్తుంది. బండి రంగు తెలుపు. నలుపు అందంగా ఉంటుందని పాప అలిగింది, జులైలో దాని మీద చెయ్యి పెట్టమన్నాను.

మార్చి

ఏసీ ఒక్కటే ఇంకా తెగలేదు. 5,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) కిటికీ ఏసీ ఈ సైజుకి చాలు, పార్కులో 30 ఆంపియర్ల కనెక్షన్ మీద నడుస్తుంది. ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. గోడలో ఇనుప పట్టీలు 16 అంగుళాలకొకటి ఉన్నాయి, ఏసీ అంతకంటే వెడల్పు. ఒక పట్టీ కోసి చుట్టూ చట్రం కట్టాలి. ఎడమ గోడకి, మంచం కాళ్ల వైపున అని ప్రస్తుతానికి అనుకుంటున్నాను. వెనక 40 పౌండ్లు అక్కడ పడతాయి కాబట్టి వంట సొరుగులోంచి పెనాలు ముందుకి జరగాలి.

పార్కింగ్ ఇంకో తలనొప్పి. మా కాలనీ అసోసియేషన్ నిబంధనల ప్రకారం ట్రైలర్ ఇంటి ముందు కనబడకూడదు. గరాజ్ తలుపు ఏడడుగులు, బండి దాదాపు ఎనిమిది. నెలవారీ స్టోరేజీ లాట్లలో రంపం, డ్రిల్లు పనులు చేయనివ్వరు. డెంటన్ వైపు ఎకరం స్థలం ఉన్న స్నేహితుడు షెడ్డు పక్కన పెట్టుకోమన్నాడు, కరెంటు కూడా ఉంది. వారాంతాల పని అక్కడే.

ఈ బండ్లు ఎక్కువగా జార్జియాలోని డగ్లస్ చుట్టుపక్కల తయారవుతాయి. అక్కడికెళ్లి తెచ్చుకుంటే కొంత మిగులుతుంది గానీ ఇక్కణ్ణుంచి వెయ్యి మైళ్లకి దగ్గర. కొత్త బండిని మొదటిసారి అంత దూరం లాగడం వద్దని స్థానిక డీలర్‌కే ఆర్డరు కాగితం పంపాను: బ్రేకులు, ఏడు పిన్నుల ప్లగ్గు (కారు నుంచి బ్రేకులకి, లైట్లకి కరెంటు తెచ్చేది), ఎత్తు పెంచిన కప్పు, ఫ్యాను చట్రం, లోపల నుంచి తీసే తాళం, రెండు రెక్కల తలుపు, తెలుపు. ఫ్యాను, కిటికీ మాత్రం ఇప్పుడే కొంటున్నాను, రంధ్రం కొలతలు వాటి అట్టపెట్టెల్లో ఉంటాయి. మిగతావేవీ బండి వచ్చేదాకా కొనను.

బండి చేతికి రాగానే తిన్నగా ట్రక్ స్టాప్‌లోని తూకానికి తీసుకెళ్లాలి. ఖాళీ బరువు 1,500 దాటితే అల్మారాలు ఎగిరిపోతాయని ఇంట్లో చెప్పాను. "అల్మారాలెందుకండీ, ముందు మీ టూల్ బాక్సు తూచండి" అంది మా ఆవిడ. తూచాను, 62 పౌండ్లుంది. చిట్టాలో ఎక్కించాను.